అటవీ పరిశోధన: కలప దిగుబడి నుంచి వన విహారం దాకా

చెట్టు ఎలా మొలుస్తుంది, ఏటా ఎంత లావెక్కుతుంది, ఏ పురుగుకు లొంగుతుంది, ఎప్పుడు కొడితే మోడు మళ్లీ చిగురిస్తుంది, మనుషులు వచ్చిపోతుంటే అడవి నేలకూ అందులోని జంతువులకూ ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు కొలతలతో జవాబు వెతికే శాస్త్రం అటవీ పరిశోధన. ఆ జవాబులను పట్టుకుని అడవిని నడిపించే పని వన నిర్వహణ. వరి మీద ప్రయోగం చేసినవారు నాలుగైదు నెలల్లో పంట కళ్లజూస్తారు. టేకు మీద చేసినవారు ఫలితం చూడాలంటే యాభై, అరవై ఏళ్లు ఆగాలి. మొక్క నాటించిన అధికారి రిటైరవుతాడు, ఆయన తర్వాత వచ్చినవారూ రిటైరవుతారు, కొలతల పుస్తకం మాత్రం చేతులు మారుతూ సాగాలి. ఈ శాస్త్రం గట్టిగా చెప్పగలిగిన మాటలన్నీ అలా ఓపిగ్గా రాసిపెట్టిన లెక్కల్లోంచి వచ్చినవే.

ఆ లెక్క మొదట పుట్టింది కరవులోంచి. జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో వెండి గనుల ఊతకర్రలకూ, లోహం కరిగించే కొలిముల బొగ్గుకూ కొండల మీది అడవులు కరిగిపోయాయి. కట్టె లేకపోతే గనులు మూతపడతాయని అక్కడి గనుల పాలనాధికారి హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్జ్ 1713లో ఒక పెద్ద గ్రంథమే రాశాడు. అడవి ఏటా ఎంత పెరుగుతుందో అంతే నరకాలి, నరికినచోట మళ్లీ పెంచాలి అన్నది అందులోని సారాంశం. ఆ మాటను ఆచరణలో పెట్టాలంటే అడవి ఏటా ఎంత పెరుగుతుందో ముందు తెలియాలి కదా! అక్కడి నుంచి కొలతలు, పట్టికలు, బడులు వచ్చాయి. జర్మన్ అటవీ శాస్త్రవేత్త హైన్రిష్ కోటా 1811లో తన అటవీ పాఠశాలను థారాంట్‌కు తరలించాడు. 1892లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డేలో వివిధ దేశాల అటవీ పరిశోధన కేంద్రాలు కలిసి ఒక అంతర్జాతీయ సమాఖ్యగా ఏర్పడ్డాయి. అది ఈనాటికీ పనిచేస్తోంది.

జర్మన్ పద్ధతి నేర్పిన చేదు పాఠం కూడా ఒకటుంది. త్వరగా డబ్బు చేతికొస్తుందని రకరకాల చెట్లున్న అడవులను తీసేసి, వరసలు తీర్చి స్ప్రూస్ అనే ఒక్క చెట్టునే నాటారు. మొదటి విడత బాగా వచ్చింది. తర్వాతి విడతల్లో చాలాచోట్ల నేలలో ఆమ్లత పెరిగిపోయింది, గాలివానకు వరసలకు వరసలు కూలాయి, పురుగు అంటుకుంటే ఆపేదేమీ లేకపోయింది. స్ప్రూస్ పెరుగుదల ఎందుకు పడిపోయిందో 1923లో వీడెమాన్ అనే శాస్త్రవేత్త సాక్సనీ తోటలనే పరిశీలించి రాశాడు. ఒకే చెట్టు, ఒకే వయసు, ఒకే వరస మీద ఆధారపడే ప్రతి తోటకూ, మన జామాయిల్ తోటలతో సహా, ఆ అనుభవం వర్తిస్తుంది.

భారతదేశానికి ఈ శాస్త్రం టేకు కోసం వచ్చింది. బాన్ నగరానికి చెందిన వృక్షశాస్త్రవేత్త డీట్రిష్ బ్రాండిస్ 1856లో బర్మాలోని పెగూ అడవుల పర్యవేక్షకుడిగా చేరాడు. ఆ అడవిలో ఎన్ని టేకు చెట్లున్నాయో ఎవరికీ తెలియదు, కలప వర్తకులు మాత్రం నరుకుతూనే ఉన్నారు. బ్రాండిస్ ఏనుగెక్కి వెదురు పొదల మధ్యనుంచి సాగేవాడు. ఎడమ చేతిలో కొన్ని పుల్లలు, కుడి చేతిలో చిన్న కత్తి. బాటకు దాపుల్లో టేకు చెట్టు కనిపించగానే దాని లావును బట్టి ఆ తరగతి పుల్ల మీద ఒక గాటు పెట్టేవాడు. వానలో, తడి పొదల్లో నోటుబుక్కు తీసి రాసే వీలుండదు మరి. సాయంత్రానికి పుల్లల మీది గాట్లు లెక్కపెడితే ఆరోజు దాటిన దూరంలో ఏ లావు చెట్లు ఎన్నున్నాయో తేలేది. అమెరికా అటవీ శాఖను తీర్చిదిద్దిన గిఫర్డ్ పించో బ్రాండిస్‌ను గురువుగా భావించాడు, ఈ పుల్లల సంగతిని తన ఆత్మకథలో ఎంతో ఇష్టంగా చెప్పుకున్నాడు. చిన్న చెట్టు నరికే లావుకు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో తెలిస్తే, ఏటా ఎన్ని నరకవచ్చో ఆ గాట్లే చెబుతాయి. 1864లో బ్రాండిస్ భారత అడవుల మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు.

ఆయనకంటే ముందే మలబారులో మరో ప్రయోగం జరిగింది. ఓడల నిర్మాణానికి టేకు కావాలి, సహజ అడవుల్లో అది తరిగిపోతోంది. మలబారు కలెక్టరు కానోలీ 1840లలో నిలంబూరు దగ్గర చాలియార్ నది ఒడ్డున టేకు నాటించడం మొదలుపెట్టాడు. విత్తనం మొలిపించడమే పెద్ద పరీక్ష అయింది. టేకు కాయ గుల్ల రాయిలా గట్టిగా ఉంటుంది, మామూలుగా విత్తితే నెలల తరబడి కదలదు. ఎన్నో విఫల యత్నాల తర్వాత మొక్కలు నిలిచాయి, చాత్తు మేనోన్ అనే స్థానిక అధికారి పర్యవేక్షణలో తోటలు విస్తరించాయి. కాయలను రాత్రంతా నానబెట్టి పగలు ఎండబెట్టడం, ఇలా కొన్ని రోజులపాటు చేయడం నర్సరీల్లో నేటికీ కనిపించే పద్ధతి. 1846 నాటి తోటలో 2.31 హెక్టార్ల ముక్కను నరకకుండా ఉంచారు. కానోలీ ప్లాటుగా పేరుపడ్డ ఆ ముక్కను చూడటానికి ఇప్పుడు యాత్రికులు వస్తారు. కలప కోసం పెంచిన తోట విహారస్థలంగా మారింది. నిలంబూరు దగ్గరే 1995లో కేరళ అటవీ పరిశోధన సంస్థ టేకు మ్యూజియం కూడా పెట్టింది.

దేహ్రాదూన్‌లో 1878లో అటవీ పాఠశాల, 1906లో ఇంపీరియల్ అటవీ పరిశోధన సంస్థ వెలిశాయి. 1929లో ప్రారంభమైన దాని ప్రధాన భవనం ఎర్రటి ఇటుక గోడలతో, పొడవాటి వరండాలతో సినిమావాళ్లను కూడా ఆకర్షించింది. అసలు సంపద మాత్రం భవనంలో కంటే దేశమంతటా ఆ సంస్థ వేయించిన శాశ్వత నమూనా ప్లాట్ల రికార్డుల్లో ఉంది.

నమూనా ప్లాటు అంటే అడవిలో హద్దులు గీసి వదిలిన చిన్న జాగా. అందులో ప్రతి చెట్టుకూ ఒక నంబరు. నేల నుంచి సరిగ్గా 1.37 మీటర్ల ఎత్తున, అంటే మనిషి రొమ్ము ఎత్తున, కాండం చుట్టూ పెయింటుతో గీత వేస్తారు. నేల వాలుగా ఉంటే ఎగువ వైపు నుంచి కొలవాలి. ఆ ఎత్తున బుడిపె ఉంటే కాస్త పైకి జరిగి, జరిగినట్టు పుస్తకంలో రాయాలి. ఊడిపోయే బెరడును దులిపి, టేపు వంకర పోకుండా చుట్టి, చుట్టుకొలత చదవాలి. కొన్నేళ్లకు వచ్చే మరో ఉద్యోగి టేపు అదే గీత మీద పడాలి. ఇంత పట్టుదల ఎందుకంటే, ముదిరిన చెట్టు ఏడాదికి లావెక్కేది ఒకటి రెండు సెంటీమీటర్లే. టేపు ఒక చేతివెడల్పు జారితే పదేళ్ల పెరుగుదల తారుమారవుతుంది. ఈ రికార్డులనుంచే 1940లో లారీ, బక్షీ సంత్‌రామ్ భారత, బర్మా టేకు తోటలకు దిగుబడి పట్టికలు తయారుచేశారు. ఏ రకం నేలలో ఏ వయసుకు ఎంత కలప వస్తుందో చెప్పే ఆ పట్టికల మీదే దశాబ్దాలపాటు వర్కింగ్ ప్లాన్లు, అంటే అటవీ నిర్వహణ ప్రణాళికలు, నడిచాయి.

పలచన చేయడం కూడా ఈ కొలతలు నేర్పిన విద్యే. రెండు మీటర్ల ఎడంతో నాటితే హెక్టారుకు 2,500 టేకు మొక్కలు పడతాయి. అన్నిటినీ ఉంచేస్తే వెలుగు కోసం పోటీపడి సన్నగా, పొడుగ్గా సాగుతాయి, దూలానికి పనికొచ్చే చెట్టు ఒక్కటీ మిగలదు. మరీ ఎడంగా పెంచితే కింది నుంచే కొమ్మలు వేసి కలపలో ముడులు పడతాయి. అందుకే నాలుగైదేళ్లకు మొదటిసారి వరస తప్పించి వరస తీసేస్తారు, తర్వాత వంకరవి, గిడసబారినవి, రోగిష్టివి చూసి తీస్తారు. ఏది ఉంచాలో ఎంచడం చేయి తిరిగిన పని. గుర్తు సుత్తి పట్టుకున్న రేంజరు ఒక్కో చెట్టు ముందు తలెత్తి కొమ్మల గొడుగు చూసి మరీ నిర్ణయించుకుంటాడు.

చెట్టు పెరగకపోవడానికి కారణాలు ఒక్కోసారి కళ్లెదుటే ఉన్నా లెక్కకు రావు. తొలకరి తర్వాత టేకు తోటలు జల్లెడలా మారడం అటవీ ఉద్యోగులందరికీ పరిచయమే. హైబ్లియా అనే రెక్కల పురుగు గొంగళి రోజుల వ్యవధిలో తోటంతా ఆకు తినేస్తుంది, తర్వాత చెట్టు మళ్లీ చిగురిస్తుంది. మళ్లీ చిగురిస్తుంది కాబట్టి నష్టమేం లేదని చాలాకాలం అనుకున్నారు. కేరళ శాస్త్రవేత్తలు నిలంబూరులో కొన్ని చెట్లను పురుగు పడకుండా కాపాడి, పక్కనే మరికొన్నిటిని వదిలేసి ఐదేళ్లు కొలిచారు. 1985లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, పెరగాల్సిన కలపలో 44 శాతం పురుగు పాలవుతోంది. ఆ తర్వాత పురుగుకు సహజంగా సోకే ఒక వైరస్‌ను పెంచి తోటల్లో పిచికారీ చేసే దారి వెతికారు.

తెలుగు నేల మీద అటవీ జ్ఞానం కలపతోనే ఆగలేదు. గోదావరి లోయ అడవుల్లో వేసవి వచ్చిందంటే తునికాకు పని. ఫిబ్రవరి, మార్చిలలో తునికి పొదలను నేలమట్టానికి కొడతారు. సుమారు 45 రోజులకు వేళ్లనుంచి కొత్త పిలకలు లేచి, మెత్తగా, పలచగా, బీడీ చుట్టడానికి వీలైన ఆకు వేస్తాయి. తెల్లవారుజామునే ఆడవాళ్లు అడవికి వెళ్లి, ఎండ ముదిరేలోపు ఆకు కోసుకొచ్చి, ఇంటి చూరు కింద కూర్చుని 50 ఆకులకు ఒక కట్ట కడతారు. కట్టలను కల్లానికి చేరిస్తే కల్లేదారు లెక్కచూసుకుంటాడు. వరసలుగా పరిచి, తిరగేసి, ఆరాక సంచులకు ఎత్తుతారు. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. పొద కొట్టడానికి కూలి ఇవ్వాలి, నిప్పు పెడితే ఖర్చు లేదు, మంట తర్వాత కూడా తునికి చిగురిస్తుంది. ఈ ఆశతో పెట్టిన నిప్పు తునికితో ఆగదు. ఆ ఏడు మొలిచిన మద్ది, ఏగిస, టేకు మొలకలన్నిటినీ కాల్చేస్తుంది. పొద కొట్టే కూలిని తప్పకుండా చెల్లించడం మంట పాకకుండా ఫైర్ లైన్లు గీయడమంత ముఖ్యమైన అటవీ రక్షణ పని.

కాగితపు గుజ్జు కథ ఇంకో దారిలో నడిచింది. మొదట్లో మిల్లులు అడవి వెదురు మీద బతికాయి. వెదురు తరిగింది, దేశ అటవీ విధానం మారింది. 1988 జాతీయ అటవీ విధానం పర్యావరణ సమతూకాన్ని అన్నిటికంటే ముందు పెట్టి, పరిశ్రమలు తమకు కావాల్సిన కర్రను వీలైనంత వరకు రైతులతో పెంచించుకోవాలని చెప్పింది. భద్రాచలం దగ్గర సారపాకలోని ఐటీసీ కాగితపు మిల్లు 1989లో జామాయిల్ మీద పరిశోధన మొదలుపెట్టింది. డాక్టర్ ప్యారే లాల్ ఆ పనికి సారథి. విత్తనంతో పెంచిన జామాయిల్ తోటలో ఏ రెండు చెట్లూ ఒక్కలా ఉండవు, ఒకటి నిటారుగా లేస్తే పక్కది గిడసబారుతుంది. పరాగం పక్క చెట్ల నుంచి రావడమే దీనికి కారణం. శాస్త్రవేత్తలు తోటలన్నీ గాలించి మేలైన చెట్లను ఎంచారు. ఒక్కోదాన్ని కొట్టి, మోడు నుంచి వచ్చిన పిలకలను రెండాకుల ముక్కలుగా కత్తిరించి, వేరు హార్మోను పొడి అద్ది, పొగమంచులా నీరు చిమ్మే గదిలో ఉంచారు. కొద్ది వారాల్లో వేరు పట్టిన ప్రతి ముక్కా తల్లిచెట్టుకు అచ్చు నకలు. వాటిని రకరకాల నేలల్లో పోటీ పెట్టి, నెగ్గినవాటికే క్లోన్ నంబర్లిచ్చి రైతులకు పంచారు. విత్తన మొక్కల తోటల్లో హెక్టారుకు ఏటా పది ఘనపు మీటర్లకు లోపే వచ్చే కర్ర, మంచి క్లోన్ తోటల్లో ఇరవై దాటింది. ఖమ్మం, ప్రకాశం, గోదావరి జిల్లాల రైతుకు నాలుగైదేళ్లకు మొదటి కోత, ఆ మోళ్ల పిలకల మీదే రెండో కోత, మూడో కోత. ఎకరాల కొద్దీ మెట్టభూములు ఈ లెక్కతో తోటలయ్యాయి.

సాక్సనీ పాఠం ఇక్కడ కూడా ఎదురైంది. 2000 తర్వాత లెప్టోసైబ్ అనే చిన్న కందిరీగ జాతి పురుగు దక్షిణాది జామాయిల్ తోటల్లోకి వచ్చింది. ఆకు ఈనెల మీద, లేత కొమ్మల మీద బుడిపెలు లేపి మొక్కను కుంగదీసింది. అచ్చు నకళ్లు కావడంతో ఒక క్లోన్ లొంగితే ఆ తోటంతా లొంగింది. అప్పటినుంచి ఒకే క్లోన్‌తో పెద్ద విస్తీర్ణం నింపవద్దని, కొన్ని రకాలను కలిపి నాటాలని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఆ మాటను రైతు, మిల్లు ఇద్దరూ గట్టిగా పట్టించుకోవాలి.

జామాయిల్ భూమిలోని నీటిని పీల్చేస్తుందన్న ఆరోపణ 1980ల నుంచీ ఉంది. ఇయాన్ కాల్డర్ బృందం కర్ణాటకలో చేసిన కొలతలు దీనికి ఒక్క మాటలో తేలని జవాబిచ్చాయి. మధ్యరకం లోతు నేలల్లో జామాయిల్ వాడుకున్న నీరు అక్కడి సహజ ఆకురాల్చు అడవి వాడుకున్నదానికి మించలేదు. రాగి చేనుతో పోలిస్తే మాత్రం దాదాపు రెట్టింపు. నేల బాగా లోతుగా ఉన్న హొస్కోటె దగ్గర మూడేళ్లలో 2,100 మిల్లీమీటర్ల వాన పడితే తోట 3,400 మిల్లీమీటర్ల నీరు తోడేసింది. వేళ్లు కిందికి దిగి, ఏళ్ల తరబడి నిలవ ఉన్న తేమను తాగాయి. ఎక్కడ నాటాలి, ఎక్కడ నాటకూడదు అన్న ప్రశ్నకు ఈ అంకెల కంటే మంచి ఆధారం దొరకదు. 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా జామాయిల్ నాటడాన్నే నిషేధించింది.

సరుగుడు కథ వేరు. తీరప్రాంతపు ఇసుకలో ఇది బతకడానికి వేళ్ల బుడిపెల్లో కాపురముండే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి సాయం చేస్తుంది. గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చి ఇస్తుంది. కోయంబత్తూరులోని అటవీ జన్యుశాస్త్ర సంస్థ రెండు సరుగుడు జాతులను సంకరించి త్వరగా పెరిగే రకాలను రైతులకు ఇచ్చింది.

ఎర్రచందనం దగ్గర వేగం అన్న మాటే చెల్లదు. శేషాచలం, పాలకొండ, వెలిగొండ, లంకమల కొండలు, వాటి చుట్టుపక్కల ప్రాంతాల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఇది సహజంగా పెరగదు. రెక్క ఉన్న చక్రంలాంటి కాయ, గట్టి గుల్ల, మొలక శాతం తక్కువ. రాతినేలలో, అరకొర వానలో దశాబ్దాలు గడిస్తే గానీ ఎర్రటి చేవ కట్టదు. సారవంతమైన తోటలో నీరు పెట్టి పెంచితే ఎత్తూ లావూ త్వరగానే వస్తాయి, చేవ ఆ వేగంతో రాదు. అంతర్జాతీయ మార్కెట్‌లో గిరాకీ ఎక్కువైన అలలు తేలిన కలప ఏ చెట్టులో ఉందో పైకి చూసి చెప్పలేం. దొంగలు ఈ అలల కోసం మామూలు చెట్లను కూడా నరికేస్తారు. 1995 నుంచి ఇది అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉంది. 2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. తిరుపతిలోని అటవీ శాఖ పరిశోధన కేంద్రం మేలైన తల్లిచెట్ల నుంచి మొక్కలు తయారుచేసే పనిలో ఉంది. ఇక్కడి శాస్త్రవేత్తల ప్రయోగం ఫలితాన్ని వారి మనవలు చూడాల్సిందే. అందుకే ఆ రికార్డులను జాగ్రత్త చేయడం మీద ప్రభుత్వం పెట్టే ప్రతి రూపాయీ సార్థకం.

అడవిని కొలిచేవారికి అడవిలో బతికేవారితో పొత్తు లేకపోతే ప్లాటు పెయింటు గీత కూడా మిగలదు. ఈ సంగతి 1970లలో పశ్చిమ బెంగాల్‌లోని అరబారిలో తేలింది. అజిత్ కుమార్ బెనర్జీ అనే అటవీ అధికారి చుట్టుపక్కల ఊళ్లకు పనీ, కలపలో 25 శాతం వాటా ఇస్తామని ఒప్పించాడు. పశువుల మేపు, గొడ్డలి దెబ్బ తగ్గగానే పాత సాల మోళ్లు వాటంతటవే పిలకలు వేసి అడవిగా లేచాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1992లో వన సంరక్షణ సమితులతో అదే దారి పట్టింది.

విహారం ఈ శాస్త్రంలోకి ఆలస్యంగా వచ్చింది, అదీ గొడవతోనే. పారిస్ దగ్గరి ఫోంటెన్‌బ్లో అడవిలో అధికారులు పాత ఓక్ చెట్లు తీసి పైన్ నాటుతుంటే చిత్రకారులు తిరగబడ్డారు. అదే అడవిలో డెనెకూర్ అనే మాజీ సైనికుడు 1842లో సొంత ఖర్చుతో కాలిబాటలు కట్టి, దారితప్పకుండా నీలిరంగు బాణాలు వేశాడు. చివరికి 1861లో 1,097 హెక్టార్లను కళ కోసం, అందం కోసం నరకకుండా వదిలేయాలని రాజశాసనం వచ్చింది. అమెరికా ఎల్లోస్టోన్‌ను జాతీయ పార్కుగా ప్రకటించడానికి పదకొండేళ్ల ముందు మాట ఇది. జపాన్ అటవీ శాఖ 1982లో అడవిలో నెమ్మదిగా నడవడాన్ని ఆరోగ్య విధానంగా ప్రచారం చేసింది, నాగానో కొండల్లోని అకసావా హినోకి చెట్ల వనంలో దాన్ని ప్రారంభించింది. దుంగలు మోసిన అక్కడి బుల్లి రైలు 1987 నుంచి సందర్శకులను మోస్తోంది. చెట్ల దృశ్యం మనిషికి మేలు చేస్తుందనడానికి తొలినాళ్ల గట్టి ఆధారం ఆస్పత్రి నుంచి వచ్చింది. పెన్సిల్వేనియాలో పిత్తాశయ శస్త్రచికిత్స చేయించుకున్న 46 మంది రికార్డులను రోజర్ ఉల్రిచ్ జతలుగా పోల్చాడు. కిటికీలోంచి చెట్లు కనిపించినవారు సగటున 7.96 రోజులకు ఇంటికి వెళ్లారు, ఇటుక గోడ కనిపించినవారు 8.70 రోజులకు. 1984లో ప్రచురితమైన ఈ చిన్న అధ్యయనం తర్వాత నగరాల్లో చెట్ల కోసం వాదించేవారికి చేతిలో ఒక అంకె వచ్చింది.

మనుషుల వల్ల అడవికి ఏమవుతుందన్నది విహారంపై పరిశోధనకు రెండో సగం. అమెరికాలో అలన్ వాగర్ 1964లో పచ్చికబయలు ఎన్ని పశువులను మోయగలదో లెక్కగట్టినట్టే, వనం ఎంతమంది సందర్శకులను మోయగలదని అడిగాడు. డేవిడ్ కోల్, నీల్ బేఫీల్డ్ 1993లో దీన్ని కొలిచే తీరును స్థిరపరిచారు. అర మీటరు వెడల్పు, మీటరున్నర పొడవు గల పట్టీలు గీస్తారు. ఒక పట్టీ మీద ఎవరూ నడవరు, మిగతావాటి మీద 25, 75, 200, 500 సార్లు నడుస్తారు. తర్వాత గడ్డి, మొక్కలు ఎంత మిగిలాయో చూస్తారు, ఏడాదికి మళ్లీ వచ్చి ఎంత కోలుకున్నాయో చూస్తారు. ఇలాంటి ప్రయోగాలు తేల్చిన విషయం చాలామంది ఊహకు వ్యతిరేకం. ఎక్కువ నష్టం మొదటి కొన్ని అడుగులతోనే జరిగిపోతుంది, ఆపైన వంద మంది నడిచినా నష్టం ఆ మేరకు పెరగదు. అంటే జనాన్ని అడవంతా చెదరగొట్టడం కంటే గట్టి బాట ఒకటి వేసి దాని మీదే నడిపించడం మంచిది. అడ్డదారులు ముళ్లకంపతో మూయడం, వానకాలంలో బురద బాటలు ఆపేయడం, బాట పక్కన వాననీరు జారిపోయే కాలువ తీయడం ఈ శాస్త్రం నేర్పిన పనులే.

హైదరాబాదు నడిబొడ్డున కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ పార్కు ఈ పద్ధతికి తేలిగ్గా కనిపించే ఉదాహరణ. 1998లో జాతీయ పార్కుగా ప్రకటించిన సుమారు 142 హెక్టార్ల ఈ ఆకురాల్చు అడవిలో నడిచేవారికి నిర్దేశించిన బాటలున్నాయి, లోపలి భాగం నెమళ్లకూ పొదలకూ వదిలేశారు. తెలంగాణలో నగరాల అంచున ఉన్న రిజర్వు అడవుల్ని కూడా ఇలాగే విభజించి, కొంత భాగాన్ని నడకకు తెరిచి, మిగతాది రక్షిత భాగంగా ఉంచుతూ అర్బన్ ఫారెస్ట్ పార్కులు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో మారేడుమిల్లి దగ్గర వన విహార కేంద్రాల నిర్వహణలో గిరిజన గూడేల సమితులు భాగమయ్యాయి. వసతి, వంట, దారి చూపే పని, రుసుముల్లో కొంత గూడేలకే చెందడం వల్ల అడవి నిలిస్తేనే ఆదాయం నిలుస్తుందన్న లెక్క అక్కడివారికి తెలుసు.

తెలుగువారు అడవికి వెళ్లడం పార్కులతో మొదలవలేదు. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు, అహోబిలం, శ్రీశైలం నడకదారులు, తిరుమల మెట్లు తరతరాలుగా ఉన్నవే. అక్కడ సందర్శకుల సంఖ్య ఏ జాతీయ పార్కుకూ తీసిపోదు. అందుకే పరిశోధన అక్కడే ఎక్కువ అవసరం. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని బలిగొన్న తర్వాత దారి వెంట కెమెరా ట్రాప్‌లు పెట్టారు, మధ్యాహ్నం రెండు దాటాక పిల్లలను అనుమతించలేదు, భక్తులను గుంపులుగా పంపారు. దారి పక్కన పారేసిన తిండికి కోతులు, కుక్కలు, అడవిపందులు చేరతాయి, వాటి వెంట చిరుత వస్తుంది. ప్రసాదం దొన్నైనా, అరటి తొక్కైనా దారి పక్కన వదలకపోవడం భక్తులు చేయగల పెద్ద సాయం.

నల్లమల లోతుల్లో సలేశ్వరం జాతర ఈ సమస్యలన్నీ ఒకచోట చేరే సందర్భం. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో లోయ అడుగున జలపాతం, పక్కన గుహలో లింగం, అర్చన చెంచులది. చైత్ర పౌర్ణమి చుట్టూ కొద్ది రోజులే దారి తెరుస్తారు. ఎండలు ముదిరి గడ్డి అంటుకోవడానికి సిద్ధంగా ఉండే రోజులవి, పులులు నీటి చెలమల కోసం తిరిగే రోజులు కూడా. ఆ కొన్ని రోజుల్లో వాహనాలను ఎక్కడ ఆపాలి, ప్లాస్టిక్‌ను ఏ చెక్‌పోస్టు దగ్గర పట్టుకోవాలి, పొద్దుగూకేలోపు జనాన్ని ఎలా బయటికి తేవాలి అన్నవి అటవీ శాఖ, చెంచులు కలిసి తేల్చుకుంటారు. లోపలికి ఎంతమంది వెళ్లారో, బాట ఏడాదికేడాది ఎంత వెడల్పయిందో, జాతర ముగిశాక ఎన్ని రోజులకు పులి ఆ చెలమ దగ్గరికి తిరిగొచ్చిందో టేకు ప్లాటు పుస్తకంలాగే వరసగా రాసుకుంటూ పోవాలి. కెమెరా ట్రాప్‌లు, జీపీఎస్, దారిలోని చెక్‌పోస్టు రిజిస్టరు ఇప్పటికే అందుబాటులో ఉన్న పనిముట్లు. లోయ దిగే చోట రెండు మూడు గుర్తు రాళ్లు పాతి, ఏటా జాతరకు ముందొకసారి, తర్వాతొకసారి అదే రాళ్ల మధ్య బాట వెడల్పు టేపుతో కొలవడం బీటు అధికారికి అరపూట పని.